వేలిముద్ర వెనక మనిషి

హైదరాబాద్ విజ్ఞానశాస్త్ర చరిత్ర అనగానే 1897 ఆగస్టు 20 గురించి చెప్తారు. ఆ రోజు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ దోమలకు తన ఒంటిని అప్పజెప్పిన రోగి హుస్సేన్ ఖాన్ పేరు తలిచేవాళ్ళు తక్కువ. కుట్టిన దోమకు అణా చొప్పున ఆయనకు ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఒళ్ళు ఇచ్చేది ఒకరు, పేరు తెచ్చుకునేది మరొకరు. ఈ పంపకం అక్కడితో ఆగలేదన్నదే మా వాదన.

2011లో హైటెక్ సిటీకి కొద్ది మైళ్ళ దూరంలోని మియాపూర్ వార్తల్లోకెక్కింది. అక్కడి యాక్సిస్ క్లినికల్స్‌లో రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షకు గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి పేద ఆడవాళ్ళను డబ్బు ఆశ చూపి తెచ్చారని ఆరోపణ వచ్చింది. ఆరోగ్యం చెడిందని వాళ్ళు గొంతెత్తాక కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ సంస్థ పరీక్షల అనుమతిని నిలిపేశారు.

అంతకు రెండేళ్ళ ముందే ఖమ్మం జిల్లాలో ఇలాంటి ప్రశ్నే లేచింది. 2009లో అమెరికా సంస్థ 'పాత్', భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయించాయి. వాళ్ళలో హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తల మధ్య 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం కనపడలేదని ప్రభుత్వ విచారణ కమిటీ అన్నది. అయినా అనుమతి సంగతి తేలలేదు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఆ లెక్క బయటపెట్టింది: 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్ల సంతకాలు.

మేం హాస్టళ్ళలో చదివినవాళ్ళం. వార్డెన్ సంతకం లేకుంటే పండక్కి ఇంటికి కూడా పోనియ్యరు. ఆ సంతకాన్ని కాదనే ధైర్యం పన్నెండేళ్ళ పిల్లకు ఎక్కడిది? తల్లిదండ్రులు బతికుండగా వాళ్ళ బదులు 'సరే' అనే అధికారం వార్డెన్‌కు ఎవరిచ్చారు?

2013 నవంబరులో, అనుమతి తీసుకోవడాన్ని ఆడియో-వీడియోలో రికార్డు చెయ్యాలని కేంద్రం ఆదేశించింది. 2015లో దాన్ని దుర్బల స్థితిలో ఉన్నవాళ్ళ మీద చేసే కొత్త మందుల పరీక్షలకే కుదించారు. కెమెరా సంతకాన్ని పట్టిస్తుందేమో గానీ, ఆకలినీ భయాన్నీ పట్టించలేదు.

ఇప్పుడు మేమే పరిశోధకులం. ప్రశ్నావళి పట్టుకుని వాడలకు పోతున్నాం. 'మన పిల్లలే గదా' అని అమ్మలు అన్నీ చెప్తారు, వేలిముద్ర వేస్తారు. మా అమ్మానాన్నలూ మా అడ్మిషన్ ఫారాల మీద అట్లనే వేశారు. 'ఇదెందుకు, వద్దంటే ఏమైతది' అన్నది మేం ముందే విప్పి చెప్తున్నామా? వద్దనే హక్కు ఉన్నప్పుడే ఆ వేలిముద్ర అనుమతి అవుతుంది.