సరయేవో గ్రంథాలయాలు: ముట్టడిలో అమానతు రక్షణ

హిజ్రీ 943లో, అనగా క్రీ.శ. 1537 జనవరిలో, బోస్నియా పాలకుడు గాజీ ఖుస్రో బేగ్ సరయేవో నగరంలోని తన మద్రసా కొరకు ఒక వక్ఫ్‌నామా వ్రాయించాడు. కట్టడపు ఖర్చు పోగా మిగిలిన సొమ్ముతో మంచి గ్రంథాలు కొనాలనీ, పాఠకులు చదువుకొనేందుకూ, విద్యార్జనలో ఉన్నవారు ప్రతులు వ్రాసుకొనేందుకూ అవి ఉపయోగపడాలనీ అందులో నిర్దేశించాడు. ఆ షరతు నుండి పుట్టినదే గాజీ ఖుస్రో బేగ్ గ్రంథాలయం. అరబ్బీ, పారశీక, తుర్కీ భాషలలోనూ, అరబ్బీ లిపిలో వ్రాసిన బోస్నియా భాషలోనూ నేడు అక్కడ సుమారు 10,000 వ్రాతప్రతులున్నాయి. ఇమామ్ గజాలీ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ ప్రతి ఒకటి 1106లో, అనగా ఆయన జీవించి ఉండగానే వ్రాయబడినది.

ఈ సంపద 1992–1996 మధ్య నాశనం కావలసినదే. కాకుండా నిలిచిన తీరు, దాని పొరుగు సంస్థలకు పట్టిన గతి, రెండూ కలిపి చూడదగినవి.

1992 ఏప్రిల్‌లో సెర్బు సేనలు సరయేవోను ముట్టడించాయి. చుట్టూ కొండలపై ఫిరంగులు, నడుమ లోయలో నగరం. మే 17న ప్రాచ్య విద్యా సంస్థపై నిప్పు గుండ్లు కురిసాయి. 1950లో స్థాపించబడిన ఆ సంస్థలోని 5,263 వ్రాతప్రతుల సంపుటాలూ, ఉస్మానీ కాలపు దస్తావేజులూ దాదాపు పూర్తిగా బూడిదయ్యాయి. ఆగస్టు 25 రాత్రి వియెచ్‌నిత్సా అనే పాత పురపాలక భవనంలోని జాతీయ గ్రంథాలయం వంతు వచ్చింది. ఉద్యోగులూ పౌరులూ వరుసగా నిలబడి, తుపాకి గుండ్ల నడుమ చేతి నుండి చేతికి పుస్తకాలందించుకొని కొన్నింటిని బయటికి తెచ్చారు. ఒక యువ గ్రంథపాలకురాలు ప్రాణం కోల్పోయింది. సుమారు 15 లక్షల సంపుటాలలో అత్యధిక భాగం కాలిపోయింది.

గాజీ ఖుస్రో బేగ్ గ్రంథాలయం అప్పటికి మిల్యాత్‌స్కా నదికి ఎడమ గట్టున, సుల్తాను మసీదు ప్రక్కన ఉండేది. దాని సంచాలకుడు ముస్తఫా యాహిచ్ భవనాన్ని నమ్ముకొనలేదు, పుస్తకాలను కదిలించాడు. ఆయనా, కొద్దిమంది సహోద్యోగులూ, కాంగో దేశం నుండి వచ్చి అక్కడ రాత్రి కావలి కాస్తున్న ఒక ముస్లిం యువకుడూ వ్రాతప్రతులను అరటిపండ్ల పెట్టెలలో సర్ది, కాల్పుల నడుమ వంతెన దాటించారు. యుద్ధకాలంలో వాటిని ఎనిమిది మార్లు చోటు మార్చారు. అక్కడితో ఆగక సూక్ష్మచిత్రాలు తీయ పూనుకొన్నారు. విమానాశ్రయం క్రింద 1993లో త్రవ్విన సొరంగం గుండా దానికి కావలసిన పరికరాలు నగరంలోకి వచ్చాయి. నీరు, విద్యుత్తు, ఆహారం కరవైన నగరంలో ఈ పని సాగింది.

ఒక గ్రంథం కొరకు మనిషి ప్రాణాన్ని పణం పెట్టవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ రాక మానదు. ప్రాణానికి పుస్తకం సాటి కాదు. అయితే ఆ అపాయాన్ని యాహిచ్ ఇతరుల నెత్తిన వేయలేదు, తానూ పెట్టె మోశాడు. ప్రతులు తీయించడంలోని వివేకం కూడా ఇదే. నకలు ఉన్న గ్రంథం కొరకు రేపు మరొకరు ప్రాణాలు ఒడ్డవలసిన అవసరం తగ్గుతుంది. వక్ఫ్‌నామా ప్రతులు వ్రాసుకొమ్మన్నది విద్య కొరకే. ఆపత్కాలంలో అది రక్షణ మార్గం కూడా అయింది.

జాతీయ ప్రదర్శనశాల చరిత్రా ఇటువంటిదే. అందులోని హగ్గదా యూదుల ప్రాచీన గ్రంథం. 1942లో దానిని నాజీల కంటపడకుండా కాపాడినవాడు అక్కడి ముస్లిం గ్రంథపాలకుడు దర్విష్ కోర్కుత్. 1992లో దానిని పోరు జరుగుతున్న చోటు నుండి బయటికి తెచ్చి బ్యాంకు ఖజానాకు చేర్చినవాడు సంచాలకుడు ఎన్వర్ ఇమామోవిచ్. ఆయన తరువాత వచ్చిన రిజో సియారిచ్ పగిలిన కిటికీలకు ప్లాస్టిక్ పట్టాలు సంపాదించే ప్రయత్నంలో 1993 డిసెంబరులో ఫిరంగి గుండుకు బలయ్యాడు. అన్య మతస్థుల అమానతును సైతం ప్రాణప్రదంగా చూచిన ఈ వరుస గమనించదగినది.

సర్వం కోల్పోయిన ప్రాచ్య విద్యా సంస్థ కూడా మూతపడలేదు. వ్రాతప్రతులు పోయినా విద్వాంసులు మిగిలారు. ముట్టడిలోనే వారు పరిశోధన కొనసాగించారు. కాలిపోయిన గ్రంథాల నకళ్లు పూర్వం ఎవరెవరు తీసుకొని వెళ్లారో వెదకి సేకరించే ఉద్యమం 1994లో అమెరికాలోని పండితుల చొరవతో మొదలయింది. అలా దొరికినవి కొన్నే. పోయినదానికి అవి బదులు కావు.

యుద్ధం ముగిసినా గండం ముగియలేదు. దేశ ప్రభుత్వంలో ఏ శాఖ పోషించాలో తేలక జాతీయ ప్రదర్శనశాల 2012 అక్టోబరులో మూతపడింది. ఉద్యోగులు జీతాలు లేకుండానే వంతులవారీగా కావలి కాశారు. 2015 సెప్టెంబరులో అది తిరిగి తెరువబడింది. ఫిరంగులు చేయలేని పనిని ఉపేక్ష చేయబోయిందన్నమాట. గాజీ ఖుస్రో బేగ్ గ్రంథాలయం మాత్రం 2014 జనవరిలో, ఖతర్ ఆర్థిక సహాయంతో నిర్మించిన కొత్త భవనంలో, పాత మద్రసా ప్రక్కకే తిరిగి చేరింది.

ముతవల్లీ ఆస్తికి యజమాని కాడు, అమానతుదారు మాత్రమే. గోడలకు బీటలు రాకముందే జాబితా వ్రాయడం, నకలు తీయడం, మరొక చోటు చూచి ఉంచడం అతని విధులు. ఏ ఊరి మసీదులో, ఏ ఇంటి పెట్టెలో పాత వ్రాతప్రతులున్నా ఆ విధి అక్కడా వర్తిస్తుంది. దానికి ముట్టడి వరకు ఆగనక్కరలేదు. చెదలూ వాననీరూ చాలు.