చిగుళ్ల నెత్తురు ఎవరి ఖాతాలో?

చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందంటే ఆబిడ్స్‌లో మందుల షాపువాళ్లు చప్పరించే సి విటమిన్ బిళ్లలు చేతిలో పెడతారు. అఫ్జల్‌గంజ్ దాకా వెళ్లి దంతవైద్యులకు చూపిస్తే పాచి, గార తీయించుకోమంటారు. ఈ రెండు సలహాలూ ఎక్కడ విడిపోయాయో మన ఆరోగ్య వ్యాసాలు చెప్పవు. నావికులు, నిమ్మకాయలతో కథ ముగించేస్తాయి.

ఆ కథతో పేచీ లేదు. 1747లో నౌకాదళ వైద్యుడు లిండ్ నిమ్మ, నారింజలతో స్కర్వీ (సి లోపంతో వచ్చే జబ్బు) నయం చేశాడు. 1932లో ఆ పండ్లలోని మందు ఆస్కార్బిక్ ఆమ్లమని, అంటే సి విటమినేనని తేలింది. మన దేశంలో 1939-40 హిస్సార్ కరవులో స్కర్వీకి ఉసిరి వాడారు.

చిక్కంతా ఆ తర్వాతే. 1939లో బోస్టన్ సర్జన్ క్రాండన్ ఆరు నెలలు సి లేని తిండి తిన్నాడు. చర్మం మీద చుక్కలు లేచాయి, పరీక్ష కోసం చేసిన గాయం మానలేదు. చిగుళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. చిగుళ్లకూ సి లోపానికీ పెద్ద సంబంధం లేదనేవారికి ఇది మంచి సాక్ష్యం. నాకది అసంపూర్ణ సాక్ష్యం. 1944లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త క్రెబ్స్ బృందం 20 మంది వాలంటీర్లతో ప్రయోగం మొదలుపెట్టింది. సి పూర్తిగా ఆపినవారిలో చిగుళ్లు చెడడం ఆరు నెలలు దాటాకే మొదలైంది. అంటే క్రాండన్ సరిగ్గా ఆ గడప దగ్గరే ఆగిపోయాడు. రోజుకు 10 మిల్లీగ్రాములు అందినవారికి ఆ బాధ లేదు. అయితే ఇది చూపింది పూర్తి లోపాన్నే. కాస్త తక్కువైనా నెత్తురు వస్తుందని కాదు.

1965లో ‘లో’ అనే దంత పరిశోధకుడి బృందం డెన్మార్క్‌లో ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం మాన్పించింది. మూడు వారాల్లోపే చిగుళ్లు వాచాయి. అప్పటినుంచి నేరమంతా పాచిదే అయింది.

2021లో హూజోల్ అనే దంత పరిశోధకుడు 15 ప్రయోగాలనూ, 8,210 మంది అమెరికన్ల సర్వేనూ కలిపి చూసి, రక్తంలో సి తక్కువున్నవారి చిగుళ్లలో నెత్తురు ఎక్కువని చెప్పాడు. పత్రికలు పండగ చేసుకున్నాయి. సర్వే పొత్తును చూపిస్తుందే తప్ప కారణాన్ని కాదు. పొగ తాగేవారిలో సి పడిపోతుంది, చిగుళ్ల నెత్తురూ తక్కువగానే కనిపిస్తుంది. లెక్క అంత తేలిక కాదు. పైగా బిళ్లలతో మేలు జరిగింది సి తక్కువున్నవారికే.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో మగవారికి సి రోజుకు 80 మిల్లీగ్రాములన్నది, అంతకుముందు 40. షాపులో అమ్మే బిళ్ల 500. రక్తపరీక్ష లేకుండా, ఏం తింటున్నావని అడగకుండా దాన్ని అమ్మడానికి హూజోల్ పేరు అడ్డుపెట్టుకోవడం నాకు నచ్చదు. తిండి సంగతి అడగని దంతవైద్యమూ అంతే. నాంపల్లి బండి మీది జామకాయలో, 100 గ్రాములకు, 200 మిల్లీగ్రాములకు పైనే ఉంది.