తూర్పార గాలికి కొలత

రెండు వేల లోపల గాలి మీటరు ఏది కొనాలి సార్ అని నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. ఒకడికి డ్రోన్ పిచ్చి, ఇంకొకడికి మిద్దె మీద చిన్న గాలిమర పెట్టాలని కోరిక. నేను మోడల్ పేరు చెప్పను. ఏ ఎత్తు గాలి కావాల్రా నీకు అని అడుగుతాను. అనంతపురంలో గాలిని కొలిచిన కథంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరిగింది.

మా జేజినాయనకు కావలసింది మనిషి ఎత్తు గాలి. కల్లంలో గుండు తోలడం అయ్యాక పీట ఎక్కి, చాట నిండా కొర్రలు ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. వేపాకులు, సన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటేనే చాట వంచేవాడు. కొమ్మలే ఊగడం మొదలైతే దిగిపోయేవాడు, పొట్టుతో పాటు గింజా పోతుందని. 1805లో బ్రిటిష్ నావికాధికారి బ్యూఫోర్ట్ గాలికి అంకెలు వేసుకున్నదీ ఇట్లే, యంత్రం లేకుండా, ఓడ తెరచాపల తీరు చూసి. చెట్ల గుర్తులు ఆ పట్టికలో తర్వాత చేరాయి. ఆకులూ రెమ్మలూ నిలవకుండా కదిలేది అందులో మూడో అంకె, అంటే సెకనుకు 3.4 నుంచి 5.4 మీటర్లు. జేజినాయన ఆ పట్టిక పేరు కూడా విని ఉండడు.

చిక్కేమిటంటే మా సీమలో గాలి వీచే కాలం వేరు, గాలి కావలసిన కాలం వేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి విరుచుకుపడుతుంది. వానను పడమటి కనుమలు ముందే పిండుకుంటాయి, మాకు మోడాలు, గాలి మిగులుతాయి. ఏడాదికి దక్కే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పంట కల్లానికి చేరే పుష్య మాసానికి ఆ గాలీ ఉండదు. చాట పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఎదురుచూడటమే. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న సామెత మా వాళ్లకు నీతివాక్యం కాదు, టైంటేబుల్.

ఆకుల బదులు యంత్రంతో గాలిని కొలిచే గిన్నెల మీటరును 1846లో ఐర్లండ్‌లోని ఆర్మా అబ్జర్వేటరీలో థామస్ రామ్నీ రాబిన్సన్ తయారుచేశాడు. నిలువు ఇరుసుకు నాలుగు అరగోళపు గిన్నెలు. గిన్నె ఎంతదైనా సరే, గాలి దానికి మూడింతల వేగంతో పోతుందని ఆయన నమ్మాడు. గిన్నె సైజు, దాన్ని మోసే కడ్డీ పొడవు మారితే నిష్పత్తీ మారుతుందని తర్వాత తేలింది. ఈలోగా మూడుతో గుణించిన రికార్డుల్లో గాలి ఉన్నదానికంటే ఎక్కువైపోయింది. 1926లో కెనడాలో జాన్ ప్యాటర్సన్ దాన్ని మూడు గిన్నెలకు కుదించాడు.

మన దేశంలో తప్పు రెండో వైపు జరిగింది. గాలితో కరెంటు అన్న మాట వచ్చేనాటికి కొలతలన్నీ ఎక్కువగా ఊళ్లలో, విమానాశ్రయాల్లో ఉండేవి. చుట్టూ చెట్లు, కట్టడాలు లేచి గాలికి అడ్డం. ఆ అంకెలు చూస్తే దేశంలో గాలే లేదనిపించేది. అన్నా మణి వాటితో సరిపెట్టుకోలేదు. కేరళలోని పీర్మేడులో పుట్టిన ఆమె వాతావరణ శాఖలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా 1976లో రిటైరయ్యారు. 1983లో డి.ఎ. మూలేతో కలిసి దేశపు గాలి లెక్కలను పుస్తకంగా తెచ్చారు. ఆ తర్వాత బెంగుళూరు నుంచి కొత్త సర్వే నడిపారు. అడ్డులేని కొండల మీద, మైదానాల్లో 20, 25 మీటర్ల స్తంభాలు పాతించి కొలిపించారు. పింఛను తీసుకుంటూ అరుగు మీద కూర్చునే వయసులో! నా బోటి రిటైర్డు మాస్టరుకు ఇది కాస్త గుచ్చుకునే సంగతే.

అట్లా కొలిచిన చోట్లలో మా రామగిరి ఒకటి. ఒకప్పటి బంగారు గని ఊరు, గని 2001లో మూతపడింది. 2022లో అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. 1990లలోనే అక్కడా కడవకల్లు కొండల మీదా గాలిమరలు లేచాయి. జనం వాటిని ఫ్యాన్లు అంటారు. తర్వాత నల్లకొండ, కల్పవల్లి, ఉరవకొండ వైపు పాకాయి. ఊళ్లవాళ్లు కాపాడుకున్న కల్పవల్లి కొండలను ఫ్యాన్ల దారుల కోసం తవ్వేశారని టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పోరాడారు. ఆ కథ విడిగా రాయాల్సింది.

కొలత ఇట్లా పైపైకి పోయింది. రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానం లాంటి చోట్ల తప్ప నేల దగ్గరి గాలిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. చవక మీటరు కొలిచేది సరిగ్గా ఆ గాలినే. చదునైన నేలకు ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: 2 మీటర్ల ఎత్తున వేగం సెకనుకు 4 మీటర్లు ఉంటే, 50 మీటర్ల ఎత్తున దాదాపు 6.3 ఉంటుంది. శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి నాలుగు రెట్ల తేడా. మీటరు డబ్బా మీద రాసే ఐదు శాతం తప్పు దీని ముందు ఏపాటి? గాలిమర పిల్లవాడికి అందుకే చెప్పాను, చేతి మీటరు నమ్ముకుని డబ్బు పెట్టొద్దని. డ్రోన్ పిల్లవాడికి అది చాలు, పైన ఇంకా ఎక్కువ ఉంటుందని గుర్తుంటే.

చవకవాటిలో ఎక్కువ భాగం రెక్కల చక్రంవి. గాలికి ఎదురుగా పట్టాలి, పక్కకు తిప్పితే అంకె పడిపోతుంది. గిన్నెలవాటికి దిక్కుతో పనిలేదు, కానీ జేబులో పట్టవు. కెస్ట్రెల్ మీటర్లలో చక్రం అరిగితే మార్చుకోవచ్చు, ధర మాత్రం ఎన్నో రెట్లు. నా దగ్గరున్నది జీఎం816 అనే చైనా సరుకు. మా గాలి విసురు విసురుగా వస్తుంది కాబట్టి సగటు చూపే బటన్ లేనిదాన్ని కొనొద్దంటాను. గరిష్ఠ వేగం ఎంతని గొప్పలు చెప్పే డబ్బాను తిప్పి, ఎంత చిన్న గాలికి చక్రం కదులుతుందో చూడండి. పుష్యంలో పనికొచ్చేది అదే. మీటరు రాగానే యూనిట్ సెకనుకు మీటర్లలోకి మార్చుకోండి. నాట్లలో వదిలేస్తే మీ కల్లంలో గాలి దాదాపు రెట్టింపై కనబడుతుంది.