కత్తి కింద దోసకాయ

దసరా దగ్గర పడితే అమలాపురంలో మా వీధి వాళ్లకి నిద్ర ఉండదండీ. సాయంత్రం అయ్యేసరికి కర్రల టకటకలు మొదలు. విజయదశమి నాటి చెడీ తాలింఖానా కోసం కుర్రాళ్ల సాధన అది. కొంకాపల్లి, మహిపాల వీధి, గండు వీధి... ఒక్కో వీధి నుంచి ఊరేగింపు బయల్దేరుతుంది. వాహనం ముందు కర్రసాము, కత్తిసాము చేస్తూ నడుస్తారు.

మా చిన్నాడు ఇంటర్ మొదటి సంవత్సరం. మూడేళ్లుగా కర్ర తిప్పుతున్నాడు. మొన్న అన్నం తింటూ ఫోన్ నా ముందు పెట్టాడు. ఇనుప కవచాలు వేసుకున్న మనుషులు కత్తులతో, గొడ్డళ్లతో బాదుకుంటున్నారు. "ఇదమ్మా అసలు ఫైటింగ్. మనది ఉత్త డ్యాన్స్" అన్నాడు. మరుక్షణమే, "ఈసారి దోసకాయకి నన్ను పడుకోమంటున్నారు. గురువుగారు నిన్ను అడిగి రమ్మన్నారు" అన్నాడు.

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మెడ మీద దోసకాయ పెట్టుకుని మనిషి పడుకుంటే, కళ్లకి గంతలు కట్టుకున్నవాడు కత్తితో దాన్ని రెండు ముక్కలు చేస్తాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ పడుకునేది మన పిల్లాడైతే వేరు కదండీ.

ఆ రాత్రి నిద్ర పట్టక, వాడు చూపించిన ఆట సంగతేంటో చదివాను. దాన్ని బుహర్ట్ అంటారు. 2010లో ఉక్రెయిన్‌లోని ఖోటిన్ కోట దగ్గర దేశాల మధ్య పోటీగా పెట్టారు. కవచం పాతిక కిలోల పైమాటే. దెబ్బలు నిజమే, ఎముకలూ విరుగుతాయి. కానీ కత్తికి పదును ఉండదు, పొడవడం నిషేధం. కింద పడ్డవాడు ఓడినట్టే. పాత రోజుల్లో కవచం వేసుకున్నవాణ్ణి చంపింది పొడిచే కదా, చంకల్లోనూ ముసుగు సందుల్లోనూ! పడ్డాకే అసలు పని మొదలయ్యేది. అంటే ప్రాణం తీసే భాగం తీసేసి మిగతాది ఆడుతున్నారన్నమాట. అమెరికాలో 1966లో మొదలైన మరో బృందం వాళ్లయితే బెత్తం కర్రలతోనే కొట్టుకుంటారట. మన కర్రసాముకి దూరపు చుట్టాలు!

మరి మనది? తాలిం అంటే అరబ్బీలో చదువు, ఖానా అంటే పారసీలో ఇల్లు. పేరులోనే బడి ఉంది. మహిపాల వీధిలో అబ్బిరెడ్డి రామదాసు గారు 1856లో మొదలుపెట్టారని పెద్దలు చెబుతారు. ఇందులో కత్తికి పదునుంది, శత్రువే లేడు. ఎదుటివాడికి ఏ దెబ్బ ఎటు నుంచి వస్తుందో ముందే తెలుసు. వాళ్లు శత్రువుని ఉంచి పదును తీసేశారు, మనం పదును ఉంచి శత్రువుని తీసేశాం. రెండూ కలిస్తేనే పాతకాలపు కత్తియుద్ధం.

ఆ కలిసిన రోజులు ఎలా ఉండేవో కూడా చదివాను. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాసిపెట్టాడు. కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా పట్టించుకుని, ఆ నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పేవాడట. ఆ తరవాత మల్లుడితో కుస్తీ. న్యూనిజ్ అనే మరొకాయన ద్వంద్వయుద్ధాల గురించి రాశాడు. మంత్రి అనుమతి తీసుకుని దిగాలి. చచ్చినవాడి ఆస్తి బతికినవాడికి. అందులో చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేది ఒక్కడే.

ఇక మనందరం కథలుగా విన్న బొబ్బిలి, 1757 జనవరి 24. కోటని కూల్చింది కత్తులు కాదు, బుస్సీ ఫిరంగులు. తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని చంపింది యుద్ధంలో ఎదురుపడి కాదు, రాత్రివేళ డేరాలో దూరి. కోట పడిపోతోందని తెలిశాక లోపలి ఆడవాళ్లనీ పిల్లల్నీ చంపింది వాళ్ల సొంత మనుషులే. పాటల్లో పౌరుషం విని పెరిగాం గానీ, ఆ తల్లుల గురించి ఎప్పుడైనా ఆలోచించామా?

పొద్దున్నే వాడికి ఇదంతా చెప్పాను. "నువ్వు డ్యాన్స్ అన్నది నిజమే. అలా డ్యాన్స్‌గా మారడానికి ఎంతమంది చచ్చారో ఆలోచించు" అన్నాను. వాడేం మాట్లాడలేదు.

సాయంత్రం నేనే సాధన చోటుకి వెళ్లాను. గురువుగారు లేచి నిలబడి, "కత్తి పట్టేవాడు పదేళ్ల నుంచి పడుతున్నాడమ్మా. దెబ్బ వెయ్యడం నాలుగు రోజుల్లో వస్తుంది, ఆపడానికే పదేళ్లు" అన్నారు. ఆ కత్తి పట్టేవాడు మా వెనక వీధి కుర్రాడే. నా ముందు గంతలు కట్టుకుని, నేల మీద పెట్టిన దోసకాయని కోశాడు. కింద పరిచిన అరిటాకు చిరగలేదు.

అయినా ఈ ఏడు వద్దన్నానండీ. పద్దెనిమిది నిండనీ, అప్పుడు వాడి మెడ వాడిష్టం. వాడు రెండు రోజులు అలిగాడు. మూడో రోజు కర్ర పట్టుకుని వెళ్లిపోయాడు.

అత్తయ్యగారు మాత్రం, "మీ ఆయన పడుకున్నప్పుడు నన్నెవరు అడిగారే!" అని నవ్వారు. ఆ సంగతి ఈయన నాకు ఇప్పటిదాకా చెప్పలేదు!