దర్శి ప్రాంతంలో విద్యార్థి వసతి: చరిత్ర, నిర్వహణ, భద్రత

సారాంశం

ఇంటికి దూరంగా ఉండి చదువుకొనే పేద పిల్లలకు నీడ కల్పించే ప్రయత్నాలు నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో సుమారు 150 ఏళ్లుగా సాగుతున్నాయి. మిషన్ బోర్డింగులు, నేరస్థ జాతుల సెటిల్మెంట్లు, కుల హాస్టళ్లు, సాంఘిక సంక్షేమ వసతి గృహాలు, గురుకులాలు, వలస కూలీల పిల్లల సీజనల్ హాస్టళ్లు ఈ క్రమంలో వచ్చినవే. దర్శి ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని ఈ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భవన నిర్మాణానికి దక్కిన ప్రాధాన్యం దాని నిర్వహణకూ, రాత్రివేళ పిల్లలను కనిపెట్టుకొని ఉండే మనిషికీ దక్కలేదనీ, వసతి గృహం భద్రత ప్రధానంగా ఈ రెండింటి మీదనే ఆధారపడి ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: దర్శి, ప్రకాశం జిల్లా, వసతి గృహం, బోర్డింగు, గురుకులం, సీజనల్ హాస్టల్, వలస, నిర్వహణ.

1. ఉపోద్ఘాతం

'హాస్టల్' అనే మాట తెలుగు పల్లెల్లో పూర్తిగా ఇంటి మాట అయిపోయింది. "మావాడు హాస్టల్లో ఉండి చదువుకొంటున్నాడు" అని ఒక కూలీ తండ్రి చెప్పే మాట వెనుక ఆ కుటుంబం తీసుకొన్న పెద్ద నిర్ణయం ఉంటుంది. బిడ్డ తిండి, నిద్ర, జబ్బు, భయం అన్నీ తమకు ముఖపరిచయం కూడా లేని మనుషులకు అప్పగించడమే ఆ నిర్ణయం. అయినా మన విద్యాచరిత్రలు పాఠశాలల సంఖ్య గురించి, ఉత్తీర్ణత గురించి, పాఠ్యప్రణాళికల గురించి చర్చించినంతగా సాయంత్రం బడి వదిలిన తరువాత మరునాడు బడి పెట్టేదాకా విద్యార్థి గడిపే సమయం గురించి చర్చించలేదు. రోజులో మూడింట రెండు వంతులు ఆ సమయమే.

అందువల్ల ఈ వ్యాసంలో ప్రతి దశనూ మూడు ప్రశ్నలతో పరిశీలించడం జరుగుతుంది. ఆ వసతి ఎవరి కోసం ఏర్పడింది? దాని నిత్య నిర్వహణ భారం ఎవరు మోశారు? రాత్రివేళ పిల్లలకు జవాబుదారీ ఎవరు?

2. దర్శి: మెట్టకూ మాగాణికీ నడుమ

దర్శి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో జమీందారీ తాలూకా. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలిన తరువాత కుడి కాలువ ఈ ప్రాంత వ్యవసాయాన్ని మార్చింది. అయితే ఆ నీరు అన్ని ఊళ్లకూ అందలేదు. కాలువ కింద వరి, మిరప పండుతుంటే, పక్కనే ఉన్న మెట్ట పొలాలు వాననే నమ్ముకొని పత్తి, కంది, పొగాకు పండిస్తాయి. దర్శి, దొనకొండ, కురిచేడు, ముండ్లమూరు, తాళ్లూరు మండలాలలో తిరిగినవారికి ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

వసతి గృహాల చరిత్రకు ఈ భౌగోళిక స్థితి ముఖ్యం. వాన తప్పిన ఏడు మెట్ట గ్రామాల కుటుంబాలు పని వెతుక్కొంటూ గుంటూరు, పల్నాడు వైపు కదులుతాయి. ఆ ఏడు బిడ్డ చదువు ఆగుతుందా, సాగుతుందా అన్నది ఊళ్లో బిడ్డ ఉండటానికి చోటు ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

3. కరువు, మిషన్ బోర్డింగులు

ఈ ప్రాంతంలో పేద పిల్లల వసతికి తొలి సంస్థాగత రూపం అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో వచ్చింది. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1876-78 నాటి మహా కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని ఆయన కాంట్రాక్టుగా తీసుకొని వేలమందికి పని కల్పించాడు. 1878లో ఒంగోలు పరిసరాలలో వేల సంఖ్యలో, ముఖ్యంగా మాదిగ కుటుంబాలు, క్రైస్తవం స్వీకరించాయి. ఆ పల్లెలకు ఉపాధ్యాయులు, బోధకులు కావలసివచ్చారు. ఊరి బడిలో చోటు లేని పిల్లలను ఒంగోలు తీసుకువచ్చి, తిండి, బట్ట, పడక ఇచ్చి చదివించడం మిషన్‌కు అనివార్యమైంది. 'బోర్డింగు' అనే మాట ఇక్కడి క్రైస్తవ కుటుంబాలలో ఆనాటి నుంచి వాడుకలో ఉంది.

బోర్డింగు నిర్వాహకులు సాధారణంగా అదే ఆవరణలో నివసించేవారు. బావి ఎండినా, జ్వరాలు వచ్చినా ఆ కష్టం వారి గుమ్మంలోకి కూడా వచ్చేది. పరిమితులూ తక్కువ కావు. వసతి మతంతో ముడిపడింది, ఖర్చు సముద్రం అవతలి విరాళాల మీద ఆధారపడింది. దాత మనసు మారితే పిల్లవాడి పడక కూడా కదిలేది. అయినా అంటరానితనం పాటించే సమాజంలో మాదిగ, మాల పిల్లలకు మంచం, పుస్తకం, దీపం ఒకే చోట దొరకడం చరిత్రలో చిన్న విషయం కాదు.

4. కాపలాగా మారిన వసతి

పిల్లలకు నీడ ఇవ్వడం ఎల్లప్పుడూ ఆదరణతోనే జరగలేదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రంలో అమలైన తరువాత ఎరుకల తదితర సంచార కుటుంబాలను సెటిల్మెంట్లలో ఉంచారు. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ, కావలి సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహించాయి. పెద్దలను సంస్కరించడం కష్టం కాబట్టి పిల్లలను వారి నుంచి వేరు చేసి పెంచాలన్న ఆలోచన ఆనాటి పాలకులలో బలంగా ఉండేది.

ఇక్కడ గోడ ఉంది, తిండి ఉంది, హాజరు పట్టీ ఉంది. లేనిది పిల్లల, తల్లిదండ్రుల సమ్మతి. 1952లో ఈ చట్టం దేశవ్యాప్తంగా రద్దయినా, వసతిలో ఉండే పేద పిల్లవాడిని ముందుగా అనుమానంతో చూసే అలవాటు చట్టంతోపాటు రద్దు కాలేదు. తల్లిదండ్రులు బిడ్డను చూడటానికి వస్తే గేటు బయట నిలబెట్టడం, పిల్లల ఫిర్యాదును క్రమశిక్షణారాహిత్యంగా లెక్కించడం వంటి ధోరణులను ఈ నేపథ్యంలో కూడా అర్థం చేసుకోవాలి. భద్రత పేరుతో నిర్బంధం పెరిగినచోట పిల్లవాడి మాట వినేవారు తగ్గిపోతారు.

5. స్వచ్ఛంద వసతులు, కుల హాస్టళ్లు

20వ శతాబ్ది తొలి దశకాలలో తెలుగు సమాజం తన సొంత వసతులను నిర్మించుకొంది. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ వెలసింది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనాన్ని స్థాపించి బాలికలకు, వితంతువులకు విద్యతోపాటు ఆశ్రయం కల్పించారు. కోస్తా పట్టణాలలోనూ పల్లెల నుంచి వచ్చే విద్యార్థుల కోసం ఆయా కులాల పెద్దలు హాస్టళ్లు నెలకొల్పారు.

ఈ సంస్థలలో నిర్వహణ సాపేక్షంగా మెరుగ్గా సాగడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. చందా ఇచ్చినవారు, చదివి వెళ్లినవారు తరచు వచ్చి చూసేవారు. పైకప్పు కారితే అడిగే హక్కున్న మనుషులు ఊళ్లోనే ఉండేవారు. కానీ కుల హాస్టల్ తలుపు ఆ కులానికే తెరుచుకొనేది. భూమి, వ్యాపారం లేని కులాల పిల్లలకు అలాంటి పెద్దలు లేరు. వారికి మిగిలింది మిషన్, తరువాత ప్రభుత్వం.

6. ప్రభుత్వ హాస్టళ్లు, గురుకులాలు

మద్రాసు ప్రభుత్వం 1920 ప్రాంతంలో అణగారిన వర్గాల అభివృద్ధి బాధ్యతను లేబర్ కమిషనర్‌కు అప్పగించింది. బడులు, బావులు, ఇళ్ల స్థలాలతోపాటు విద్యార్థి వసతి కూడా ఆ శాఖ పనులలో చేరింది. 1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి చదువుకు ఉపకార వేతనాలు మొదలయ్యాయి. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని 46వ అధికరణం బలహీన వర్గాల విద్యా ప్రయోజనాల పరిరక్షణను రాజ్యం కర్తవ్యంగా పేర్కొంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత సాంఘిక సంక్షేమ, వెనుకబడిన తరగతుల, గిరిజన హాస్టళ్లు విస్తరించాయి.

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో, 1972లో గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో గురుకుల పాఠశాలలు మొదలయ్యాయి. బడి, పడక, ఉపాధ్యాయుడు ఒకే ఆవరణలో ఉండే ఈ నమూనాను దళిత విద్యార్థులకు విస్తరింపజేయడంలో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ పాత్ర ప్రసిద్ధం. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు చదువు మానేసిన బాలికలకు ఇదే అవకాశాన్ని కల్పించాయి.

అయితే గురుకులానికీ సాధారణ హాస్టల్‌కూ మధ్య దూరం పెరిగింది. గురుకులంలో ఉపాధ్యాయుడు అక్కడే ఉంటాడు. సాధారణ హాస్టల్‌లో వార్డెన్, వంటమనిషి, కామాటి, వాచ్‌మన్ అనే నాలుగు పనుల మీద మొత్తం జీవితం నడుస్తుంది. వీటిలో ఒక్కటి ఖాళీ అయినా ఆ పని మిగిలినవారి మీద, చివరకు పిల్లల మీద పడుతుంది. వార్డెన్‌కు రెండు హాస్టళ్ల బాధ్యత అప్పగిస్తే, ఏదో ఒక హాస్టల్‌లో ఆ రాత్రి పెద్దదిక్కు ఉండదు.

నిర్వహణ వ్యయం కథ కూడా ఇలాంటిదే. కొత్త భవనానికి నిధులు ఒకేసారి మంజూరవుతాయి, శిలాఫలకం పడుతుంది. తలుపు గడియ, కుళాయి, కిటికీ జాలీ, మరుగుదొడ్డి గుంట వంటివి ఏటా ఖర్చు కోరతాయి. వీటికి శిలాఫలకం ఉండదు. అంచనా, మంజూరు, బిల్లు అనే దారిలో పెద్ద పనితోపాటు చిన్న పనీ ఎదురుచూడాలి. మెస్ ఛార్జీలను ప్రభుత్వ ఉత్తర్వులు అప్పుడప్పుడు సవరిస్తాయి, కందిపప్పు ధర మాత్రం ఉత్తర్వు కోసం ఆగదు. బాలికల హాస్టల్‌లో స్నానాల గది గడియ ఊడటాన్ని చిన్న మరమ్మతుగా నమోదు చేయవచ్చు. అక్కడ ఉండే అమ్మాయికి అది హాస్టల్లో ఉండాలా, ఇంటికి పోవాలా అన్న ప్రశ్న.

7. మిరప కోతలు, సీజనల్ హాస్టళ్లు

ఈ ప్రాంతంలో బాలల శ్రమ చరిత్ర సుదీర్ఘమైనది. 1988లో జాతీయ బాల కార్మిక ప్రాజెక్టును దేశంలో మొదట అమలు చేసిన ప్రాంతాలలో పలకల పరిశ్రమ ఉన్న మార్కాపురం ఒకటి. పరిశ్రమలో పనిచేసే పిల్లవాడు ఒక చోట కనిపిస్తాడు కాబట్టి లెక్కకు వస్తాడు. తల్లిదండ్రుల వెంట పొలాలకు వెళ్లే పిల్లవాడు ఏ ఊరి లెక్కలోనూ కనిపించడు.

పత్తి తీతలు శీతకాలంలో, మిరప కోతలు సంక్రాంతి తరువాత ఊపందుకొంటాయి. మిరప చేనులో కాయ ఒకేసారి పండదు. విడతలు విడతలుగా కోయాలి. అందువల్ల కూలీ కుటుంబాలు వారాల తరబడి చేల దగ్గరే గుడిసెలు వేసుకొని ఉంటాయి. సరిగ్గా ఆ నెలలలోనే వార్షిక పరీక్షలు వస్తాయి. పదో తరగతి బాలికను ఒంటరిగా ఇంట్లో వదలలేక వెంట తీసుకుపోతే పరీక్ష పోతుంది. అవ్వ దగ్గర వదిలితే రాత్రి భయం వెంటాడుతుంది.

ఈ చిక్కుకు సమాధానంగా సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు వచ్చాయి. వలస వెళ్లే ఊళ్లోనే, చాలాచోట్ల బడి గదులలోనే, ఆ కొన్ని నెలలు పిల్లలకు భోజనం, పడక ఏర్పాటు చేయడం వీటి పద్ధతి. 2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకొనే బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచింది. పిల్లవాడిని సొంత ఊరి నుంచి కదిలించకుండా నీడ ఇవ్వడం ఈ హాస్టళ్ల విశిష్టత. మిషన్ గానీ సెటిల్మెంటు గానీ గురుకులం గానీ చేయలేని పని ఇది.

కానీ తాత్కాలికం అన్న ముద్ర వీటి బలహీనత. పగలు పాఠం చెప్పే గది రాత్రి పడక గదిగా మారాలంటే దీపం, నీరు, మరుగుదొడ్డి, ఊళ్లో నమ్మకమైన మనిషి అవసరం. వలస దసరా తరువాత మొదలై, మంజూరు సంక్రాంతికి అందితే, ఆ మధ్య నెలలలో కుటుంబం నిర్ణయం తీసుకోవడం అయిపోతుంది. మిరప చేను ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగదు.

8. చట్టం, పద్దెనిమిదేళ్ల గీత

2012 నాటి పోక్సో చట్టం లైంగిక నేరం గురించి తెలిసిన ప్రతివారూ ఫిర్యాదు చేయాలని నిర్దేశించింది. విద్యాసంస్థ, సంరక్షణ గృహం సిబ్బంది చేసిన నేరాన్ని మరింత తీవ్రమైనదిగా పరిగణించింది. దీనితో రాత్రి జవాబుదారీ అన్నది నైతిక ప్రశ్న స్థాయి దాటి చట్టబద్ధమైన బాధ్యత అయింది.

2015 బాలల న్యాయ చట్టం సంరక్షణ గృహాలలో పెరిగి 18 ఏళ్లు నిండినవారికి 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణకు వీలు కల్పించింది. ఫ్రాన్సులో రెండవ ప్రపంచ యుద్ధం తరువాత యువ కార్మికుల కోసం విస్తరించిన వసతి గృహాలు, ఆ స్ఫూర్తితో 1990లలో బ్రిటన్‌లో వచ్చిన సంస్థలు పడకతోపాటు ఉద్యోగ శిక్షణను, సలహాదారును జతచేశాయి. మన దగ్గర కళాశాల విద్యార్థి హాస్టళ్లు ఉన్నా, చదువు ఆగి పనిలో చేరిన 18 ఏళ్ల యువతకు అటువంటి నీడ అరుదు. హాస్టల్లో పెరిగిన పిల్లవాడు చివరి పరీక్ష రాసి ట్రంకు పెట్టె తీసుకొని బయటకు వచ్చిన రోజున, తల్లిదండ్రులు ఇంకా మిరప కోతల్లోనే ఉంటే, అతడు చేరవలసిన ఇంటికి తాళం ఉంటుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, వసతి ఇచ్చినవారు మారినా, అది నిలిచినచోట రెండు లక్షణాలు కనిపిస్తాయి: బాధ్యుడు పిల్లలతోపాటు అక్కడే నివసించడం, చుట్టూ ఉన్న సమాజానికి లోపలికి వచ్చి అడిగే హక్కు ఉండటం. మొదటిది బోర్డింగుల నుంచి, రెండవది కుల హాస్టళ్ల నుంచి ప్రభుత్వ వ్యవస్థ నేర్చుకోదగినవి. మతం, కులం అనే షరతులను మాత్రం వదిలేయాలి.

రెండవది, సెటిల్మెంట్ల అనుభవం చెప్పినట్లు, కాపలా పెరిగినంత మాత్రాన భద్రత పెరగదు. తల్లిదండ్రుల రాకపోకలు, పిల్లల మాటకు విలువ భద్రతలో భాగాలు.

మూడవది, నిర్వహణను నిర్మాణం నుంచి వేరు చేసి, ప్రతి హాస్టల్‌కు ఏటా ఖచ్చితంగా అందే మరమ్మతు నిధిగా, భర్తీ అయిన రాత్రి ఉద్యోగంగా లెక్కించాలి. సీజనల్ హాస్టల్ మంజూరును ఆర్థిక సంవత్సరంతో గాక పంటల క్యాలెండరుతో ముడిపెట్టాలి.

దర్శి వంటి మెట్ట ప్రాంతంలో వలస ఈ ఏడుతో ఆగేది కాదు. కుటుంబం కదలక తప్పనప్పుడు బిడ్డ చదువు నిలబడాలంటే, వారు వెళ్లే నాటికే తలుపు తెరిచి, దీపం వెలిగించి, లోపల ఒక పెద్దదిక్కు ఉన్న చోటు సిద్ధంగా ఉండాలి.