పాత వేట తుపాకి వయస్సు చెప్పు ముద్రలు

పాత నాణెము మీద రాజు పేరుండును. శాసనములో చాలవరకు శకమో, రాజ్య సంవత్సరమో కనిపించును. పాత వేట తుపాకి మీద మాత్రము సాధారణముగా సంవత్సరము ఉండదు. దాని మీద ఒక పేరు, కొంత నగిషీ, గొట్టముల అడుగున కంటికి సరిగా ఆనని కొన్ని చిన్న ముద్రలు ఉండును. చూచువారు మొదట పేరు చదివి, దానినిబట్టియే వయస్సును, వెలను ఊహింతురు. కాని పేరు అమ్ముకొనువాడు చెక్కించుకొన్నది. ముద్రలు పరీక్షాధికారి కొట్టినవి. ఈ రెండింటిలో ఎక్కువ నమ్మదగినవి ముద్రలే. అవి ఎట్లు పుట్టినవో తెలిసినచో తుపాకి ఏ కాలము నాటిదో చెప్పవచ్చును. అంతకన్న ముఖ్యముగా, దానిని పేల్చుట ఎంత అపాయకరమో గ్రహింపవచ్చును.

తుపాకి గొట్టము పూర్వము ఇనుపపట్టీలను కాల్చి, చుట్టి, అతికి చేసినది. అతుకులోని లోపము పైకి కనిపించదు. మందు అంటుకొన్నప్పుడు గొట్టము పగిలినచో కాల్చినవాని చేయి పోవును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. కొనువాడు తెలుసుకొనలేని ఈ లోపమును ముందుగానే బయటపెట్టుటకు ఒకటే మార్గము: మామూలుకన్న ఎక్కువ మందు దట్టించి, మనిషి దూరముగా నుండి పేల్చి చూచుట. నిలిచిన గొట్టమునకు ముద్ర వేయుదురు. పగిలినది అక్కడనే పోవును.

ఇంగ్లండులో ఈ పనికి లండను తుపాకి పనివారి సంఘము 1637లో రాజపత్రము పొందినది. కిరీటము క్రింద పెనవేసికొన్న జి, పి అనే రెండు అక్షరములు దాని ముద్ర. తుపాకుల పరిశ్రమ బర్మింగ్‌హామ్ నగరమున బాగుగా పెరిగిన తరువాత, 1813లో పార్లమెంటు చట్టము ద్వారా అచ్చట కూడ పరీక్షాలయము ఏర్పడినది. దాని పాత ముద్రలలో కిరీటము క్రింద అడ్డముగా దాటిన రెండు రాజదండములు కనిపించును.

తుపాకి వయస్సు కట్టుటకు మొదటి మెట్టు దాని యంత్రమును చూచుట. చెకుముకిరాయితో నిప్పు పుట్టించు తుపాకులు మిక్కిలి పాతవి. దెబ్బకు భగ్గుమను రసాయనముతో మందును అంటించు పద్ధతికి ఫోర్సైత్ అను స్కాట్లండు మతగురువు 1807లో పేటెంటు పొందెను. 1820 తరువాత చిన్న రాగి టోపీలు వాడుకలోనికి వచ్చినవి. అప్పటికిని మందును, రవ్వలను మూతి నుండియే దట్టించుచుండిరి. గొట్టమును మడత విరిచి వెనుకనుండి తోటా పెట్టు తుపాకిని పారిస్ నగరపు లెఫోషో 1830 తరువాతి సంవత్సరములలో తయారుచేసెను. 1851 నాటి లండను మహాప్రదర్శనములో దానిని చూచిన పిమ్మట ఇంగ్లీషు పనివారు ఆ దారి పట్టిరి. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీకి చెందిన ఆన్సన్, డీలీ అనువారు పైన కనిపించు సుత్తులను యంత్రము లోపలికి చేర్చిరి.

అయితే ఒక జాగ్రత్త అవసరము. కొత్త పద్ధతి వచ్చినంత మాత్రమున పాతది ఆగిపోదు. సుత్తి పైనున్న తుపాకులు 1875 తరువాత కూడ చాలకాలము తయారైనవి. కాబట్టి యంత్రమునుబట్టి "ఇంతకు పూర్వపుది కాదు" అని మాత్రమే చెప్పవచ్చును; "ఇంతకు తరువాతిది కాదు" అని చెప్పరాదు.

ఆ రెండవ హద్దును ముద్రలు చూపును. కొత్త కల్పన వచ్చినప్పుడెల్ల పరీక్ష నియమములు మారినవి. నియమము మారినప్పుడు ముద్రయు మారినది. 1855 చట్టము తరువాత గొట్టము మీద బోరు అంకె కొట్టుట మొదలైనది. పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, ఒక్కొక్క గుండు సరిగా పట్టు గొట్టము 12 బోరు. దాని లోపలి వ్యాసము 0.729 అంగుళము, అనగా సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందువలననే అంకె పెరిగిన కొలది గొట్టము సన్నబడును. రవ్వలు చెదరకుండ మూతిని కొంచెము ఇరుకు చేయు పద్ధతి ప్రబలగా, అట్టి గొట్టములకు 1875 నుండి 1887 వరకు "గుండు వేయరాదు" అను అర్థము గల ఇంగ్లీషు మాటలు కొట్టిరి. 1887 నుండి 1925 వరకు వజ్రాకారపు గీతలో బోరు అంకెయు, సి అను అక్షరమును ఉండును. పొగరాని నైట్రో మందునకు ప్రత్యేక పరీక్ష 1896 నియమములతో వచ్చినది. బర్మింగ్‌హామ్ రాజదండముల ముద్ర 1904లో మారినది. 1925 నుండి తోటా గది పొడవును అంగుళములలోను, 1954 నుండి ఒత్తిడిని టన్నులలోను సూచించిరి.

ఒక తుపాకి గొట్టముల అడుగున రాజదండముల ముద్రయు, వజ్రాకారములో 12, సి యు ఉన్నవనుకొందము. వజ్రము 1887కు పూర్వము లేదు. రాజదండములు 1904 తరువాత లేవు. కాబట్టి ఆ గొట్టములు ఈ 17 సంవత్సరముల నడుమ పరీక్షింపబడినవి. ఇంకను దగ్గరకు పోవలెనన్నచో తయారీదారు క్రమసంఖ్యయు, చిరునామాయు తోడ్పడును. ఉదాహరణకు హాలండ్ అండ్ హాలండ్ అను జంట పేరు 1876లో వచ్చినది. ఆ పేరు గల తుపాకి అంతకు పూర్వపుది కానేరదు.

ఇక పేరు సంగతి. బర్మింగ్‌హామ్ పనివారు తుపాకులు చేసి ఇతరులకు సరఫరా చేయగా, అమ్మకపు కంపెనీలు వాటిపై తమ పేర్లు చెక్కించుకొనెడివి. కలకత్తా రోడ్డా కంపెనీ పేరున్న తుపాకి కలకత్తాలో అమ్మబడినదనియే అర్థము, అచ్చట తయారైనదని కాదు. మోసములును కలవు. వెస్ట్లీ రిచర్డ్స్‌ను తలపించునట్లు "డబ్ల్యు. రిచర్డ్స్" అను పేరుతో బెల్జియము తుపాకులు అమెరికాకు పోయినవి. అట్టివానిని అడుగున చూచిన నిజము తెలియును: కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో ఇ, ఎల్, జి అను అక్షరములున్నచో అది లీజ్ నగరపు పరీక్షాముద్ర. దానిపై కిరీటమున్నచో 1893 గాని, అంతకు తరువాతి కాలము గాని అగును.

ఈ పరిశీలన వేడుక కొరకు మాత్రమే కాదు. పాత గొట్టములలో అనేకము ఇనుము, ఉక్కు కడ్డీలను మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టములు. వాటిపై అలలవంటి చారలు కనిపించును. మంచి పనివాడు చేసినది సహజముగా బలహీనము కాదు. కాని నైట్రో ముద్ర లేని గొట్టము నల్ల తుపాకిమందు ఒత్తిడికే పరీక్షింపబడినది. దానిలో నేటి తోటా పేల్చుట చేజేతుల అపాయము తెచ్చుకొనుట. 2½ అంగుళముల గదిలో 2¾ అంగుళముల తోటా పెట్టినచో, పేలినప్పుడు తోటా మూతి విచ్చుకొనుటకు చోటు చాలక ఒత్తిడి పెరుగును. మరియొక మాట: ముద్ర ఆనాటి యోగ్యతాపత్రము మాత్రమే. తరువాత లోపల పట్టిన తుప్పును, దానిని పోగొట్టుటకు తీసిన రాపిడిని అది ఎరుగదు. మూతి నుండి దట్టించు తుపాకులలో దశాబ్దముల నాటి మందు ఇంకను మిగిలియుండుటయు కలదు.

వెల కట్టువారు తయారీదారును, పని శ్రేష్ఠతను, గొట్టపు గోడల మందమును, అన్నిటికన్న మిన్నగా భాగములు మొదటివేనా అనుదానిని చూతురు. జంటగా తయారైన తుపాకులపై 1, 2 అంకెలుండును. జంట విడిపోయినచో వెల తగ్గును. పాత గోధుమరంగు మెరుగును ఉప్పుకాగితముతో రుద్ది తళతళలాడించినవాడు తుపాకి వెలను తానే తగ్గించినవాడగును. ముద్రలను అరగదీసినచో దాని చరిత్రయే పోవును.

పెద్దలనాటి తుపాకి ఇంటిలో బయటపడినప్పుడు, అది ఎంత పాతదైనను, 1959 ఆయుధ చట్టమును మరువరాదు. బాగుచేసినను పేలని పురాతన ఆయుధములకే ఆ చట్టము మినహాయింపు ఇచ్చినది. అందుచేత లైసెన్సు సంగతి ముందుగా అధికారులతో తేల్చుకొనవలెను. పిమ్మట తెలిసినవానిచేత ఖాళీగా ఉన్నదని నిశ్చయము చేయించి, గొట్టములు విప్పించి, అడుగునున్న ముద్రలను ఒక్కొక్కటిగా కాగితముపై వ్రాసికొనవలెను. పైనున్న పేరును చివర చదివినను నష్టము లేదు.