సాలీడు: నామచరిత్ర, దేహనిర్మాణం – ఒక పరిశీలన

అవనిగడ్డ పరిసరాల వరిచేలలో మంచు కురిసిన ఉదయం గట్ల వెంట సాలెగూళ్లు తళతళలాడుతూ కనిపిస్తాయి. వాటిని అల్లిన ప్రాణికి తెలుగువారు నేతవృత్తి పేరే పెట్టారు. సాలీడు, సాలెపురుగు అనే మాటలు రెండూ నేతవారిని తెలిపే ‘సాలె’ శబ్దం నుంచి ఏర్పడ్డాయి. పెడన వంటి కృష్ణాజిల్లా నేత ఊళ్లలో గుంటమగ్గంలో కూర్చునేది ఎక్కువగా పురుషుడు. కండెలు చుట్టడం వంటి ముందు పనులు ఎక్కువగా స్త్రీలవి. అటువంటి సమాజంలో వాడుకైన పేరు ‘డు’ అనే పుంలింగరూపంతో ముగియడం సహజమే. సాలీడు దేహంలో మాత్రం ఈ శ్రమవిభజన తలకిందులుగా ఉంటుంది.

అమరకోశం ఈ ప్రాణికి లూత, తంతువాయ, ఊర్ణనాభ, మర్కటక అనే నాలుగు పర్యాయపదాలిచ్చింది. వాటిలో లూత ఒక్కటే స్త్రీలింగం. ఇది శబ్దలింగమే గాని ప్రాణిలింగం కాదు. దీన్నిబట్టి ప్రాచీనులకు ఆడసాలీడు నేత తెలుసునని వాదించడం తొందరపాటవుతుంది. తంతువాయ శబ్దానికి నేతగాడనే అర్థమూ ఉంది. ఊర్ణనాభమంటే బొడ్డులో ఉన్ని గలది. దారం బొడ్డు నుంచి వస్తుందన్న ఊహ ఈ పేరులో నిలిచిపోయింది.

నిజానికి దారం వెలువడేది ఉదరం కొననున్న చిన్న మొనల నుంచి. లోపల పలురకాల గ్రంథులుంటాయి. ఒక్కొక్కటి ఒక్కో పనికి తగిన దారమిస్తుంది. వేలాడేందుకూ, దారిని అంటిపెట్టుకునేందుకూ పనికొచ్చే దారాలు ఆడ, మగ రెండింటికీ ఉన్నాయి. గుడ్ల సంచికి కావలసిన దారమిచ్చే గొట్టపు గ్రంథులు ఆడదానికే ఉంటాయి. చక్రాకారపు గూడు కట్టే జాతులలో భేదం ఇంకా స్పష్టం. పిల్లదశలో మగది కూడా గూడు అల్లుతుంది. చివరి కుబుసం విడిచేసరికి జిగురుదారానికి కావలసిన గ్రంథులు దానిలో క్షీణించి, మొనల మీద వాటి ఆనవాళ్లే మిగులుతాయి. ఆపైన అది సాధారణంగా వల పన్నదు, జతను వెతుక్కుంటూ తిరుగుతుంది. చేలో పెద్ద గూటి నడుమ కూర్చున్నది దాదాపు ఎప్పుడూ ఆడదే. గూడు కట్టకుండా వరిదుబ్బుల మధ్య పరుగెత్తి వేటాడే లైకోసిడే కుటుంబంలో కూడా గుడ్ల సంచిని ఉదరం కొనకు అంటించుకుని తిరిగేది ఆడదే.

ఈ విషయం శాస్త్రానికి ఒక్కసారిగా అందలేదు. 1709లో ఫ్రాన్సులోని మాంట్‌పెలియేలో బాన్ అనే అధికారి సాలీడు పట్టుతో మేజోళ్లు, చేతితొడుగులు చేయించి పండితసభకు చూపాడు. దానితో పరిశ్రమ నడుస్తుందా అని పరీక్షించిన రెయోమూర్ లాభం లేదని తేల్చాడు. బాన్ వాడినది గుడ్ల సంచుల దారం. అంటే ఆ చేతితొడుగులలోని ప్రతి పోగూ ఆడసాలీళ్లదే. గ్రంథుల రకాలూ పనులూ శాస్త్రీయంగా విడివడడానికి 1889 నాటి కార్ల్ ఆప్‌స్టైన్ అధ్యయనం వంటివి రావలసివచ్చింది.

మగదానికి ప్రత్యేకమైన దారం లేదనుకుంటే పొరపాటు. చాలా జాతుల మగసాలీళ్లకు ఉదరం అడుగున, జననరంధ్రం ముందు అంచున, అతిచిన్న దారపు నాళికలుంటాయి. 1967లో మార్పుల్స్ వీటిని వివిధ కుటుంబాలలో పరిశీలించాడు. వీర్యాన్ని నిలిపేందుకు మగది అల్లే చిన్న వలలో ఈ దారం చేరుతుంది. ఊర్ణనాభ శబ్దంలోని బొడ్డు ఊహకు కాస్త దగ్గరగా వచ్చేది, యాదృచ్ఛికంగానే అయినా, ఈ మగదేహమే.

ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో శివునికి తన దారంతో ఆలయం కట్టిన సాలీడును ఈ కొలతతో కొలవడం కావ్యానికి అన్యాయం. వాడుకభాష సంగతి వేరు. ‘సాలీడు గూడు అల్లాడు’ అని దివిసీమలో ఎవరూ అనరు. ‘అల్లింది’ అనే అంటారు. పేరు చివర ‘డు’ ఉన్నా ఈ మాట అమహత్తే. తెలుగు ఏకవచనంలో స్త్రీకీ, జంతువుకూ క్రియారూపం ఒక్కటే.